పదకొండు కిటికీలు

ఓడ వచ్చేది ఏడాదికి రెండేసార్లు.
రెండోసారి వెళ్తూ కూత పెట్టిందంటే
ఇక జూలై దాకా
మా దీవిలో ఉన్న మేకే మేకు,
లేని మేకు లేనట్టే.

అందుకే గోదాం తాళంచెవి
నిద్రలో కూడా నా మెడలోనే.
పిపలుక్‌ని ఒక్క బోల్టు అడగడం కన్నా
సీలు నోట్లోంచి చేపని లాక్కోవడం తేలికని
మసైత్సియాక్ ఊరంతా చెబుతాడు.
చెప్పుకోనీ.

గోదాంకి ఒకటే న్యాయం:
చివర కావాల్సింది ముందు లోపలికెళ్లాలి.
తలుపుల పిడులు, నల్లాలు, బడి గంట
అన్నిటికన్నా వెనక, గోడకి ఆనించి.
వాటి ముందు పలకలు,
మధ్యమధ్య పుల్లలు పెట్టి, గాలాడేలా.
గుమ్మం దగ్గర సిమెంటు, నేలకి జానెడు ఎత్తున,
పసిబిడ్డకి చుట్టినట్టు టార్పాలిన్ చుట్టి.
గడ్డకడితే పాడయ్యే రంగు డబ్బాలు మాత్రం
మా వంటింట్లో, పొయ్యి పక్కన.
చలికాలమంతా మా కాఫీకి రంగు వాసన.

చిట్టా పెన్సిల్‌తోనే రాస్తాను.
ఇక్కడ సిరా కూడా గడ్డకడుతుంది.

నవంబరులో సూర్యుడు వెళ్లిపోయాడు.
నుదుటికి దీపం కట్టుకుని
రోజూ ఒక చుట్టు తిరిగేదాన్ని,
ఇన్సులేషన్ కట్టల్ని పొడిచే కాకుల్ని తోలుతూ,
బస్తాల్ని తట్టి చూస్తూ.
బతికున్న సిమెంటు మెత్తగా పలుకుతుంది.
చచ్చిన బస్తా తలుపు కొట్టినట్టు మోగుతుంది.

డిసెంబరు పదో తారీఖున
మేస్త్రీ ప్రెబెన్ బడి కిటికీలు అడిగాడు.
పెట్టె మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి:
బడి. కిటికీలు. పదకొండు.
మేకులు పీకాం.
లోపల స్టీలు సింకులు.
చేపల ఫ్యాక్టరీకి పోవాల్సినవి,
ఒకదాంట్లో ఒకటి ఒదిగి, తళతళమంటూ.

ప్రెబెన్ ఏమీ అనలేదు.
తిట్టినా బాగుండేది.
పెట్టెలు లెక్కపెట్టాను గాని
పెట్టె విప్పి చూడలేదు.
ఆ రోజు వాన. ఓడకి తొందర.
నాకు భోజనం వేళ అయింది కూడా,
అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఫ్యాక్టరీ కడుతున్న ఊరు
దక్షిణాన నూట అరవై కిలోమీటర్లు.
అక్కడి గోదాం ముసలాయన ఇనూతెక్
ఫోన్ ఎత్తి, "మా సింకుల పెట్టేనా? భద్రంగా ఉంది,
దాని మీదే కూర్చుని మాట్లాడుతున్నా" అన్నాడు.
"లేచి, విప్పి చూడు" అన్నాను.
చాలాసేపు ఫోన్లో గాలి చప్పుడే.

సముద్రం గట్టిపడేదాకా ఆగాం.
ఫిబ్రవరిలో మసైత్సియాక్
పద్నాలుగు కుక్కల్ని బండికి కట్టాడు.
సింకులు వెళ్తూ వెళ్తూ మంచు గతుకుల మీద
చాలా దూరం దాకా వినిపించాయి.

ఎనిమిదో రోజు
కుక్కలు కనపడలేదు, మనిషి కనపడలేదు.
తెల్లటి సముద్రం చివర ఒక మెరుపు.
ఆరి, మళ్లీ మెరిసింది.
మా ఊరి ఎండ ఇంకా కొండ దాటలేదు.
అక్కడ బయట, మంచు మీద,
అద్దాలకి ముందే దొరికింది.
దిబ్బలెక్కిన పిల్లలు "వస్తోంది, వస్తోంది" అని అరిచారు.
ఏది వస్తోందో ఎవరూ అడగలేదు.

కిటికీలన్నీ నిలువుగా,
నడుమ ఎలుగు తోళ్లు, అతని భార్య పరుపులు.
బరువని తను సగం దారి నడిచాడట.
చేతితొడుగు తీసేసి ఒక్కోదాన్నీ తడిమి చూశాను.
పది బాగున్నాయి.
పదకొండోదానికి మూల నుంచి మూలకి ఒక గీత.
మసైత్సియాక్ కుక్కల కాళ్లు చూసే పనిలో పడ్డాడు.

అందినవి పదకొండు, అని రాశాను.
పగిలింది ఒకటి.
కారణం అన్న గడిలో: నేను.
అతను వచ్చి చదివి, పెన్సిల్ లాక్కుని
ఆ మాట కొట్టేసి
"మంచు" అని రాశాడు.

పగిలిన దాన్ని ప్రెబెన్
టీచరు బల్ల వెనక బిగించాడు,
పిల్లల మోచేతులు తగలకుండా.

జూలైలో ఓడ వచ్చింది. మళ్లీ వానే.
రేవులోనే ఒక్కో పెట్టె విప్పాను,
మేకులు పీకే ఇనుము నా చేతిలోనే ఉంచుకుని.
కెప్టెన్ మూడుసార్లు కూత పెట్టాడు.
పెట్టనీ.