చూడలేదు

కోడేరు విత్తన క్షేత్రంలో నాకిచ్చిన పని
పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం.
అట్టలకి చెదలు, లోపల మార్తమ్మ నీలిసిరా.
పేజీకి మూడు గళ్లు:
గాలి, వరి, గుడ్డు.

ఉదయం ఏడింటికి తెల్లపెట్టె తలుపు తీసేది.
పొడిగొట్టం ఇరవయ్యారు, తడిగొట్టం ఇరవై అయిదున్నర.
ఆ అర డిగ్రీ సందులోనే
వసిష్ఠపాయ మీది మంచంతా ఇరుక్కుని ఉండేది.
పక్కన, ఎవరూ అడగని చోట, చిన్న అక్షరాల్లో:
"చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి."

తొమ్మిదిన్నరకి మడిలో గొంతుక్కూర్చునేది.
వరిపువ్వు తెరుచుకునేది గంటసేపే;
పొట్టు పెదాలు రెండూ విప్పి
ఆరు కేసరాలు బయటికి వేలాడదీసి
పుప్పొడి రాలగానే మళ్లీ నోరు మూస్తుంది.
ఆ గంటలో వాన దంచితే అది తాలుగింజ.
కంకికి ఎన్ని విచ్చాయో లెక్కపెట్టింది,
మోకాళ్ల బురద అక్కడే ఎండి, పగిలేదాకా.

చేను "పొట్టకొచ్చింది" అంటుంది.
కొన్నాళ్లకి "ఈనింది" అంటుంది.
పాకలో గేదెకీ అదే మాట.
కొత్తలో నేను వరసలు తారుమారై
మూడో నంబరు మడికి పెయ్యదూడని పుట్టించాను.

సాయంత్రం బాతుగుడ్లు.
కొబ్బరిచిప్పకి చిల్లు పొడిచి, లోపల బల్బు పెట్టి
చీకటిగదిలో గుడ్డుని దానికి ఆనించేది.
నాలుగో రోజు: "ఎర్ర సాలీడు. నడుమ చుక్క కదులుతోంది."
ఏడో రోజు: "కన్ను. నల్లగా."
పదో రోజు: "వెలుగు తగిలితే పక్కకి జరిగింది.
దీపం ఎక్కువసేపు ఉంచలేదు."
మొద్దుకొనన ఉండే గాలిగదికి
పెన్సిలుతో గీత గీసి రోజూ కొలిచేది,
పెంకులో అంత ఆకాశం పెరుగుతోందని.

ఆ అక్టోబరులో వాయుగుండం.
గాలి గడిలో: "గిన్నెలు ఎగిరిపోయాయి. చూడలేదు."
వరి గడిలో: "మడి ఎక్కడో తెలీదు. చూడలేదు."
గుడ్డు గడిలో మాత్రం పట్టక, మార్జిన్లోకి పాకి:
"కరెంటు లేదు. ఊక వేయించి గుడ్లు అందులో పొదిగాం,
నేనూ, వాచ్‌మన్ సత్తిరాజుగారూ.
థర్మామీటరు పగిలింది. మోచేతికి వెచ్చగా ఉంది."
మూడు రోజులు అలాగే.
మూడో నాడు "మోచేతికి వెచ్చగా" దగ్గర
కలం ఒకసారి జారింది. నిద్ర కాబోలు.

పై ఆఫీసు కాగితం గుండుసూదికి తుప్పు పట్టి ఉంది:
ఖాళీలు పూరించి తిరిగి పంపవలెను.
వెనకవైపు ఆమె జవాబు నకలు:
"అయ్యా, చూడంది ఎలా రాస్తానండి?
నరసాపురం అంకె వేసెయ్యమన్నారు.
నరసాపురం గాలి నరసాపురానిదండి."

కంప్యూటరు అంకె అడుగుతుంది.
మాట కొడితే గడి ఎర్రబడుతుంది.
సున్నా వెయ్యలేను, సున్నా అంటే గాలి ఆడలేదని.
మోచేతికి వెచ్చన
ఎన్ని డిగ్రీలని తిప్పి రాయను?
నా మోచెయ్యి చూసుకున్నాను. నాకేం తెలీలేదు.

నాలుగో రోజు పేజీ తిప్పితే
"నలభయిట్లో పదకొండు. చుక్క కదులుతోంది."
పదకొండు కొట్టాను. గడి ఒప్పుకుంది.
పైన తొమ్మిది గళ్లు ఎర్రగానే ఉన్నాయి, ఉండనీ.

బయట పైరగాలి.
రెండింటి రీడింగుకి వేళవుతోంది.
తడిగొట్టం గుడ్డ
తడిగా ఉందో లేదో
వెళ్లి చూడాలి.