సెకనుకు రెండు మీటర్ల గాలి

ఆ యమ్మి పేరు ఆరక్షరాలు రాసి
ఒక్క ఊపిరిలో పలకాల: సైవ్.
మిగిలిన అక్షరాలు ఊరకే నిలబడుకోని ఉంటాయంట
పెండ్లిలో దూరపు సుట్టాల మాదిరి.
నా పేరు వన్నూరమ్మ.
ఆ పొద్దు మైకులో ఇద్దరి పేర్లూ విరగ్గొట్టినారు.

పద్నాలుగేండ్లాయ.
యూనివర్సిటీల ప్రపంచ పోటీలు,
రెండొందల మీటర్లు, మూడో హీటు.
ఆరో లైన్లో నేను, ఏడులో ఐర్లాండ్ నుంచొచ్చిన ఆ యమ్మి.
బయటికి పిలవకముందు
వీపు మీది నంబరు గుడ్డకు పిన్నీసు ఒకటి ఊడి
యాడనో పడిపోయింది ఆమెకు.
బెంచీ కింద ఎతుకుతాంది.
ఆఫీసరు గడియారం చూపిస్తాండాడు.
నా మెడలో తాయెత్తు దారానికి
మాయమ్మ తగిలించి పంపిన పిన్నీసులు మూడు.
ముల్లిరిగితే తీసుకోను, గుడ్డ చినిగితే పెట్టుకోను.
ఒకటి తీసి నేనే కుచ్చినా.
మీ ఊర్లో ముండ్లు లేవా అని అడగాలనుకుంటి.
ఇంగ్లీషు రాక నవ్వినా.

తుపాకి పేలినాక నేను చూసిందంతా ఆ వీపే.
ఎండకు కమిలిన మెడ,
కుడిపక్క మూల నా పిన్నీసు.
వంపు తిరిగేదాకా మెరిసింది,
తర్వాత కండ్లకు కూడా అందలేదు.
ఆమె ఇరవై మూడు పాయింట్ ఐదు ఎనిమిది.
నేను ఇరవై నాలుగు పాయింట్ ఆరు ఒకటి.
మధ్యలో ఉండేది సెకను కాదు పాపా,
పదేండ్ల తిండి, అన్నాడు ఖాజాపీర్ సారు.

నేను బీపీఈడీ చేసి ఉరవకొండకొచ్చి పడినా.
ఆమె పరిగెత్తతానే ఉండింది.

రాత్రి గిన్నెలు తోమినాక ఫోన్లో ఎతుక్కునేదాన్ని.
యూరప్ పోటీల్లో సెమీస్.
రెండేండ్లకు మళ్లా సెమీస్.
తొడ నరం పట్టేసి ఒక ఏడాది ఏమీ లేదు,
పేరు కొడితే పాత ఫొటోలే.
రిలేలో కట్టె జారింది.
జారవిడిచింది ఈమె కాదు, ఏడ్చింది మాత్రం ఈమె.
ఒలింపిక్స్‌కు మూడు వందో వంతులు తక్కువాయ.
అదెంత మేడం అని పిల్లోల్లు అడిగితే
శెనక్కాయ చిట్లించి చూపించినా.
ఇంత కూడా కాదు.

ఒక జూన్ సాయంత్రం
వాళ్ల దేశపు రికార్డు దాటేసింది.
రెండు నిమిషాలు గెంతింది, వాళ్లమ్మను కావిలించుకుంది.
అంతలో గాలి లెక్క వచ్చింది. రెండు పాయింట్ ఒకటి.
రెండు దాటితే ఆ పరుగు చెల్లదు.
వెనక నుంచి గాలి తోసిందంట.

ఆ రాత్రి మిద్దెక్కినా.
కొండ మీద గాలిమరలు
ఎర్రదీపాలు పెట్టుకోని తిరగతాండాయి.
మా చిన్నాయన చేన్లో ఒకటుంది.
కంపెనీ ఏటా కౌలిస్తాది.
ఆషాఢంలో ఈదర గాలి గుడిసెల్లేపేస్తా ఉంటే
మా కాడ కరెంటు పుడతాది.
ఆడ గాలి ఎక్కువైతే కొట్టేస్తారు,
ఈడ ఎక్కువైతే దుడ్లిస్తారు.
ఏది న్యాయమో ఖాజాపీర్ సారు బతికుంటే అడిగేదాన్ని.

పోయిన సంవత్సరం మానుకుంది.
ఆఖరి పరుగు వాళ్ల ఊర్లోనే, వానలో.
ఆరో స్థానం.
బయటి దేశాల్లో ఒక్క పతకమూ మెడలో పడలేదు.
ఫొటోలో నవ్వుతాంది, జుట్టు నుంచి నీళ్లు కారతాండాయి.
వెనక నుంచి తీసిందొకటుంటే
వేళ్లతో పెద్దది చేసి
గుడ్డ నాలుగు మూలలూ చూసినా.
పిన్నీసు పిన్నీసే. ఎవురిదని చెప్తావు?

ఈ పొద్దు తెల్లారుజామున
హైస్కూల్ గ్రౌండులో సున్నం గీతలేస్తాంటే
గీత పడకముందే సున్నం ఎగిరిపోతాంది.
తొమ్మిదో తరగతి లింగేశ్వరి అడిగింది,
గాలి ఎదురు కొడతాంది మేడం,
ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తుదుమా?

పిడికెడు ఎర్రమన్ను తీసి వదిలి చూసినా.
నిజమే.
సరే, ఆ కొసకే పోండి అన్నా.
ఈడ గాలి కొలిచే మిషన్ లేదు.