ఎడమ చెయ్యి

డిపో క్యాంటీన్ల టీ గ్లాసులు పక్కకు జరిపి
రెండు బెంచీలు ఒక్కటి జేసిండ్రు.
నీలం ఐసు డబ్బా, దాని మీద తెల్ల తువ్వాల,
పక్కన నర్సు ఫహీమా,
ఆమె పక్కన పేర్లు రాసే పిలగాడు.
"గుర్రాల ప్రమీల, కండక్టర్" అని రాయించిన.
బయట వాన. ఆగి ఉన్న బండి కింద నల్లకుక్క.

"ఏ చెయ్యి అక్కా?" అన్నది ఫహీమా.

గదే సమజ్ కాలే నాకు.
కుడిచెయ్యి మిషన్‌ది. ఒత్తాలె, చింపాలె, చిల్లర ఏరాలె.
ఎడమచెయ్యి రాడ్డుది. మాసబ్‌ట్యాంక్ కాడ
పోచిరెడ్డి బ్రేకు తొక్కితె
నన్ను పడకుంట ఆపేది గదొక్కటే.
ఖాళీగున్న చెయ్యి నా కాడ లేదు తల్లీ.

పోచిరెడ్డి అవుతల షెడ్డు కింద బీడీ ముట్టిస్తున్నడు.
"గిసొంటి జరాలు ఎన్ని చూడలే!
అల్లం మిర్యాలు ఉడకవెట్టి తాగితె ఖతం."
నిరుడు నేను గూడ గట్లనే అన్న.
అల్లం తాగిన, మిర్యాలు నమిలిన,
గోలి ఏసుకొని డ్యూటీ ఎక్కిన.
లీవులు అయిపోయినయ్.
ఆ సంగతి జరానికి తెల్వదు.

పొద్దున ఏడున్నర ట్రిప్పు, ఫైవ్ కే.
వాన గొడ్తున్నదని అద్దాలన్నీ మూసిండ్రు.
లోపల ఉన్న గాలి ఒక్కటే,
నూటపది మందిమి వంతులేసుకొని పీలుస్తున్నం.
ట్యాంక్‌బండ్ కాడ ఒకామె ఎక్కింది,
సంకల ఆరేండ్ల బిడ్డ, తలకు పసుపుపచ్చ ఉన్ని టోపి.
జూలైల ఉన్ని టోపి.
టోపి కింద ఎంటికలు లేవని
చూడకుంటనే తెలుస్తది.
ప్రతి మంగళారం ఎక్కేటోళ్లే,
లక్డీకాపూల్‌ల దిగి క్యాన్సర్ దవఖానకు పోతరు.
తల్లికి కొట్టిన జీరో టికెట్
నా చేతులకెల్లి ఆ పిల్లనే గుంజుకుంటది,
మడిచి పడవ జేస్తది.

ఆ దినం టికెట్ అందిస్తుంటె దగ్గొచ్చింది.
ఆపలేకపోయిన. చేతులు రెండూ పనిల ఉన్నయ్.
తల్లి గబుక్కున పిల్లను కొంగుల దాసింది.
నన్నేం అనలే. అంటె బాగుండు.
అంత రద్దీల ఎటు జరుగుతది,
అద్దం దిక్కు మొకం తిప్పుకున్నది.
పడవ కింద పడ్డది, ఎవరో తొక్కిండ్రు.

నేను పది దినాలు పండుకున్న.
లేచి వచ్చినంక మంగళారం చూసిన, రాలే.
మల్లా మంగళారం గూడ రాలే.
ఆటోల పోతున్నరో, ఇల్లు మారిండ్రో,
ట్రీట్‌మెంట్ అయిపోయిందో.
అయిపోయింది అనే మాటకు రెండర్థాలున్నయ్.
ఎవర్నడగాలె?
బస్సుల పేర్లడగం మనం,
యాడ దిగుతరో అడుగుతం.

ఇదంత ఫహీమాకు చెప్పలే.
"ఎడమకే ఎయ్యి" అన్న.
రైక చెయ్యి పైకి జరిపింది. స్పిరిటు సల్లగ.
"మల్లొచ్చే ఏడు గూడ ఏసుకోవాలె అక్కా,
ఇది ఏడాదికో వేషం మారుస్తది."
"పాసు రెన్యువల్ లెక్కనా?"
"గంతే" అనుకుంటనే సూది తీసేసింది.
"ఇగ రానే రాదా?"
"రావచ్చు. వస్తె గూడ అంతగనం సతాయించదు.
రెండు వారాలైతె గాని పని షురూ జెయ్యదు, చెప్తున్న.
జర సేపు గా బెంచి మీద కూసో."
కూసున్న.
పదకొండేండ్ల నౌకరిల
ఈ డిపోల నేను ఉత్తగ కూసున్నది గప్పుడే.

తెల్లారి మంగళారం.
చెయ్యి గుంజుతున్నది, భుజం కాడ గడ్డ కట్టినట్టు.
మాసబ్‌ట్యాంక్ కాడ బ్రేకు పడ్డది,
పోచిరెడ్డిని వాళ్ల తాత దాకా తిట్టిన.
అద్దంల నన్ను జూసి నవ్వుతున్నడు,
"నేను చెప్పలే?" అని.
నవ్వినంక తుమ్మిండు.

మర్ల వచ్చేటప్పుడు ట్యాంక్‌బండ్ కాడ
బండి ఆగకముందే డోర్ కాడికి పోయి నిలవడ్డ.
ఈ టైముకు రారని తెలుసు.
గొడుగులు ఎక్కినయ్, టిఫిన్ డబ్బాలు ఎక్కినయ్,
కాలేజి పోరిలు నవ్వుకుంట ఎక్కిండ్రు.
ఇంకెవరన్న ఉన్నరా అని తొంగి చూసిన.

రైట్ రైట్ అన్న.
నొస్తున్న చేత్తోనే రాడ్డు పట్టుకున్న.