అయిదు నిమిషాలు ఎక్కడ పెట్టాలి

ఆదివారం, ఆరున్నర.
నెల్లిమర్లలో జూట్ మిల్లు గోడ దాటి
చంపావతి వైపు దిగే జాగాలో
ఏడు కుక్కపిల్లలు, ఏడు తాళ్లు,
తాళ్ల కొసల్లో నిద్ర తీరని మనుషులు.
ఇరవై రెండేళ్లు పోలీసు కుక్కల దళంలో అరిగిన గొంతు నాది.
"కూర్చో" అన్నాను.
పిల్లల కంటే ముందు
బ్యాంకు మేనేజరు మోకాళ్లు వంచాడు.

గంట పాఠం. కాగితం మీద రాసుకొచ్చాను:
కూర్చో. ఆగు. రా. పక్కన నడు.

గరివిడిలో పశువుల డాక్టరు చదివే ప్రవల్లిక
నాకు సాయంగా వస్తుంది.
ఆ కాగితం లాక్కుని నడిమధ్యన ఒక గీత గీసింది.
"అయిదు నిమిషాలు తాళ్లు విప్పీండి మాస్టారూ. ఆడుకుంటాయి."
"ఆడుకోడానికి ఇంటికాడ వాకిలి లేదేటి?
బడికొచ్చి ఆటేటమ్మా?"
"మీ బళ్లో ఇంటర్‌బెల్లు లేదేటి మరి?"

సరే, విప్పాం. మొదట్లోనే.
బ్రూనో, మేనేజరు గారి లాబ్రడార్,
అయిదు నెలలకే దూడంత ఉంటుంది,
ప్రేమతోనే వెళ్లి జీడి మీద పడింది.
జీడి అంటే ఈశ్వరి తెచ్చిన వీధి పిల్ల,
కాల్చిన జీడిగింజ రంగు, రెండు గుప్పిళ్ల ఒళ్లు.
కుయ్యోమని దొర్లి స్కూటరు కింద దూరింది.
గంటంతా అక్కడే.
బిస్కెట్టు ముక్కు ముందు పెట్టినా చూడలేదు.
"సూసావా?" అన్నాను.
ప్రవల్లిక బదులివ్వలేదు.
ఉతికిన చుడీదారుతో ఆ దుమ్ములో బోర్లా పడుకుని
దానికి తోడుగా ఉంది.

పై ఆదివారం ఆటని చివరికి నెట్టాను.
నలభై నిమిషాలయ్యేసరికి
ఏడు నోళ్లూ ఆవలింతలే.
"ఆగు" అంటే ఆగాయి,
వినే కాదు, కదిలే ఓపిక లేక.

ఆ రాత్రి తార గుర్తొచ్చింది.
తొమ్మిదేళ్లు నాతో బాంబులు వాసన పట్టిన కుక్క.
దానికీ బంతి ఉండేది,
పని దొరికాక చేతిలో పడే కూలీ లాగ.
రిటైరై మా ఇంటికొచ్చిన కొత్తలో
మనవడు ఊరికే ఒక బంతి విసిరాడు.
పట్టుకుంది. నా కాళ్ల దగ్గర పెట్టింది.
పెట్టి, వెళ్లి
వాడి పుస్తకాల సంచీ వాసన చూసింది,
టిఫిను డబ్బా, చెప్పులు, గాదె కింద చీకటి,
ఇల్లంతా వెతికింది.
బంతి వచ్చిందంటే
ఎక్కడో ఏదో ఉండి తీరాలి కదా.
మనవడు పడీపడీ నవ్వాడు.
నేను లేచి దానికి నీళ్లు పెట్టాను.

మూడో ఆదివారం
పెద్దవాటిని అటు, చిన్నవాటిని ఇటు చేశాం.
మిల్లు గోనెసంచి చింపి ఏడు పేలికలు.
రెండు నిమిషాలు ఆట. "రా" అని ఒక్క పిలుపు.
వచ్చిన దానికి పేలికతో ఒక లాగుడు,
వెంటనే మళ్లీ "పో, ఆడుకో."
పిలిస్తే ఆట చచ్చిపోదని
వాటికి తెలియాలి. నాకూ.
మొదటి పిలుపుకి ఎవరూ రాలేదు.
రెండోదానికి బ్రూనో సగం తిరిగి, మనసు మార్చుకుంది.
మూడోదానికి
నలుగురొచ్చారు, అయిదోది మేనేజరు.

"సార్, ఇప్పుడు పాఠమా, ఆటా?" అన్నాడాయన రొప్పుతూ.
గడియారం చూసుకున్నాను.
పలాస వైపు బండి కూత పెట్టుకుంటూ పోయింది.
మూడు వారాల తర్వాత
స్కూటరు నీడలోంచి ఒక కాలు బయటికొచ్చింది,
తర్వాత ముక్కు.
జీడి ముంగాళ్లు నేలకి చాచి, వెనక లేపి,
ఎవర్నో రమ్మంది.
చుట్టూ చూస్తే దగ్గర్లో ఉన్నది నేనే.

ఈశ్వరి ఊపిరి బిగబట్టింది.
అది దూకొచ్చి నా బూటు లేసు పట్టుకుని
మెడ విదిలిస్తూ లాగుతోంది,
గుర్రుమంటోంది కూడా.
"వదులు" అన్నాను, దళంలో గొంతుతోనే.
వదల్లేదు.
నిజమే,
ఆ మాట ఇంకా మా పాఠంలోకి రాలేదు.