కథ తిరిగి పంపుతూ

ఎస్తేరూ,
నీ కథ చదివాను, రెండుసార్లు.
మొదటిసారి 29సి బస్సులో, నిలబడి.
రెండోసారి ఇంట్లో, ఎర్ర పెన్ను పట్టుకుని.
బస్సులోనే బాగుంది.

నీ నాయిక గోదావరి గట్టున కూచుని ఏడ్చింది.
నువ్వెప్పుడన్నా గోదావరిని చూశావా అమ్మాయ్?
నేనూ చూళ్లేదు.
ముప్పై ఒక్క ఏళ్లు రాయపేట ప్రెస్సులో కూచుని
ఎవరెవరి గోదావరుల్లోనో అచ్చుతప్పులు ఏరాను,
కాలి వేలు తడవలేదు.
నీకు తెలిసిన నీళ్లు వేరు.
వ్యాసర్‌పాడిలో తెల్లారకముందే
ట్యాంకర్ లారీ వెనక బారు తీరే ప్లాస్టిక్ బిందెలు.
మీది ఆకుపచ్చది, అడుగున ఎం-సీల్ పూసింది
(నువ్వే చెప్పావు, కథలో కాదు, ఫోన్లో).
ఆ అమ్మాయిని అక్కడ నిలబెట్టు.
ఏడవమనకు.
తన వంతు వచ్చేసరికి లారీ ఖాళీ అయిందని రాసి ఊరుకో.
తక్కిన పని చదివేవాళ్లు చేసుకుంటారు.

కథలో తల్లి అంటుంది కదా,
"కుమారీ, భోజనం సిద్ధమైనది" అని.
మీ అమ్మ అట్లా అనగా నేను వినలేదు.
మనం మాట్లాడుతుంటే వెనకనుంచి కేక వేసింది,
"ఒసే, సాదం ఆరిపోతా ఉంది, సీక్రంగా రా!"
ఆ సాదం కిందా, ఆ సీక్రం కిందా
నేను ఎర్ర గీత గియ్యను.
గీసేవాళ్లుంటే నా దగ్గరికి పంపు.
బీరువాలో పట్టుచీర ఉండటం మంచిదే,
అది కట్టుకుని బిందె ఎత్తలేం.
ఈ ఊరు నాలుగు తరాలుగా మన నోట్లో వేసిన మాటల్ని
ఉమ్మేసి రాయక్కర్లేదు.

తీరిక దొరికాక రాస్తానన్నావు.
అలలు తగ్గాక స్నానం చేద్దామని
కాశిమేడు ఒడ్డున కూచున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.
అందులో నేనొకదాన్ని.
స్కాన్ సెంటర్‌లో నలభై మూడో టోకెన్ పిలిచి
నలభై నాలుగు పిలిచేలోగా ఒక్క వాక్యం రాయి.
పాడైన రసీదు వెనకాల రాయి.
బాగుందా లేదా అని అప్పుడే చూడకు,
అన్నం ఉడికిందో లేదో అని
నిమిషానికోసారి మూత తీస్తే ఉడకదు.

"అత్యంత", "ఎంతో", "అమాంతం",
ఇవి పదిహేడు చోట్ల ఉన్నాయి. లెక్కపెట్టాను, నా వృత్తి అది.
రెండు ఉంచుకో.
చివరి పేరా మొత్తం తీసెయ్.
అందులో నువ్వు గుమ్మంలో నిలబడి
వెళ్లేవాళ్లని పట్టుకుని అడుగుతున్నావు,
అర్థమైందా, అర్థమైందా అని.

ఇక అసలు సంగతి.
మూడో పేజీలో, నీకు తెలీకుండానే,
ఒక ముసలాయన వచ్చి పోయాడు.
రిపోర్టు కవరు చేతికిచ్చావు.
విప్పలేదు.
బయటికెళ్లి, ఎండకెత్తి పట్టుకుని,
లోపల అక్షరాలు కనిపిస్తాయేమోనని చూశాడు.
ఒక్క వాక్యం రాసి అతన్ని వదిలేశావు,
మళ్లీ గోదావరికి పరిగెత్తావు.
బస్సు అయనావరం దాటింది, నేను చూసుకోలేదు.
అతనే ఎస్తేరూ, కథ.
అతని చొక్కా రంగేమిటి? వెంట ఎవరూ ఎందుకు రాలేదు?
కవరు మడిచి ఏ జేబులో పెట్టుకున్నాడు?
తెలియకపోతే ఇంకా మంచిది,
తెలుసుకోడానికే రాయి.

నా సొంత కథ ఒకటుంది, పందొమ్మిది పేజీలు.
ఇరవయ్యో పేజీకి పదహారేళ్లుగా
తెల్ల కాగితాలు కొంటూనే ఉన్నాను.
కాబట్టి నా మాటలన్నీ వినకు.
బిందె మాట విను.

పదో తారీఖులోగా మళ్లీ పంపు.
పిన్‌కోడు సరిగ్గా వెయ్యి,
పోయినసారి ఒక అంకె తప్పేశావు,
పోస్ట్‌మాన్ ఏడుమలై నా పేరు చూసి తెచ్చిచ్చాడు.

అన్నట్టు, ఆ ముసలాయన
చివరికి కవరు విప్పాడా?
ఫోన్ చేసి మాత్రం చెప్పకు.