హాజరు కాలేదు

"పలుమార్లు అవకాశమిచ్చినా
పార్టీ హాజరు కాలేదు."
నా వేళ్లకు కంఠతా వచ్చిన వాక్యం.
ఫైలు మారుతుంది, పేరు మారుతుంది,
ఇది మాత్రం పోయిన నెల ఆర్డర్లోంచి
నలగకుండా దిగిపోతుంది.

ఇవాళ్టి పేరు గౌసియా బీ, బార్కస్.
కువైట్‌లో పదకొండేళ్ల వంటపని,
శంషాబాద్‌లో ఆగిపోయిన నాలుగు గాజులు.
జరిమానా అంకె నిన్ననే పడింది,
విచారణ ఇవాళ.

చాయ్‌కని దిగితే
బషీర్‌బాగ్ ఎండలో, గేటు పక్క మెట్టు మీద ఒకామె.
పాస్ లేదని పదింటి నుంచీ ఆపారట.
చేతిలో మా కవరే.
ఇంగ్లీషు నోటీసు వెనకవైపు
ఉర్దూలో రాసుకుంది, మర్చిపోకుండా:
గాజులు నావి.
దాచలేదు.
చేతికే ఉన్నాయి.

"బులాతే క్యా, బేటా?"

చాయ్ తాగకుండానే పైకొచ్చాను.
తెర మీద "కాలేదు" పక్కన
కర్సర్ రెప్పలు కొడుతూనే ఉంది.
సంతకానికి సారు పెన్ను మూత తీశారు.

"ఒక్క నిమిషం సార్,"
ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి
నా గొంతు నాకే కొత్తగా వినబడింది,
"పార్టీ కిందే ఉంది."

సారు గోడ గడియారం కేసి చూశారు.
లంచ్‌కి ఇంకా పావుగంట.