విరిగిన సూదుల రిజిస్టరు

థెట్సానేలో మా ఫ్యాక్టరీ గేటు దాటాక
ఎడమచేతి మూలలో నా చోటు.
ఒక బల్ల, ఒక అయస్కాంతం,
అట్ట ఊడిన రిజిస్టరు.

ఎక్కడ సూది విరిగినా నా దగ్గరికే రావాలి.
ముక్కలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి,
మొన నుంచి మొదలుదాకా నిండు సూదిగా చూపిస్తేనే
కొత్తది చేతికిస్తాను.
ఒక్క తునక తగ్గినా ఆ లైను ఆగిపోవాల్సిందే.
సముద్రానికి అవతల ఎవరి బిడ్డ తొడకో
మా సూది గుచ్చుకోకూడదు కదా.
మాకు సముద్రం లేదు.
నాలుగు వైపులా ఒకటే దేశం,
దాని గుండా డర్బన్ రేవుకు పోయే లారీలు.

పదకొండేళ్లుగా టేపు కింద అతికిస్తున్నాను,
తేదీ, లైను, మిషను, పేరు.
రెండో లైను, లిమకాట్సో, జేబు మూల దగ్గర.
ఏడో లైను, న్థాబెలెంగ్, నడుం పట్టీ, జీన్సు గుడ్డ ఆరు పొరలు.
మళ్లీ న్థాబెలెంగ్, అదే పూట.
రాత్రంతా ఆ పిల్ల కన్ను మూయలేదని
నాతో చెప్పింది సూదే.

మా నాన్న బంగారం గనుల్లో పనిచేశాడు.
ఆ ఊరి పేరే వెల్కమ్.
ఒక రేడియో, రెండు దుప్పట్లు,
ఊపిరితిత్తుల నిండా దుమ్ము
తెచ్చుకుని ఇల్లు చేరాడు.
గనులు మగవాళ్లను వెనక్కి తోలిన ఏళ్లలోనే
మిషన్లు ఆడవాళ్లను పిలిచాయి.
సంకటి గరిటె చేతులు మారింది.
కుండ అదే.

నిన్న మంత్రిత్వశాఖ నుంచి సెఖోన్యానా గారొచ్చారు.
క్యాంటీన్ గోడ మీద ఒక గీత వేసి చూపించారు.
కొంత దూరం ఎక్కి, ఒకచోట దబ్బున పడి,
అక్కణ్ణుంచి చుక్కలు చుక్కలుగా
మలోటి కొండల్లా లేచింది.
చుక్కలన్నీ రాబోయే కాలమట.
చుక్కల గీత మాకు తెలియనిదా,
కుట్టు ఇంకా పడని చోట సుద్దతో పెట్టేదేగా.
సుంకం తగ్గితే, బట్ట మనమే నేస్తే,
కొత్త దేశాలు కొంటే, కరెంటు నిలిస్తే...
ఆయన ఆశలన్నీ ‘తే’ దగ్గరే ఆగాయి,
గుమ్మంలో చెప్పులు విడిచి
లోపలికి రమ్మంటారేమోనని చూసే చుట్టాల్లా.
వెనక వరసలోంచి మాలెరాతో లేచింది:
“వచ్చే నెల ఓవర్‌టైం ఉంటుందా సార్?
పిల్లాడి బూట్లు అప్పు పెట్టాను.”
ఆయన స్లైడు మార్చారు.

లెక్క నా దగ్గరా ఉంది. ఎవరూ అడగలేదు.
ఆర్డర్లు ముంచెత్తిన ఏడు
రోజుకి నలభై సూదులు విరిగేవి.
టేపు చాలక విసుక్కునేదాన్ని,
చేతులా అవి, రోకళ్లా అని తిట్టేదాన్ని.
సుంకం కబురు చెవిన పడ్డ నెలలో ఇరవై.
చలికాలానికి తొమ్మిది.
పోయిన మంగళవారం పేజీలో
తేదీ ఒక్కటే ఉంది.
సూపర్‌వైజరు చూసి మెచ్చుకున్నాడు,
ఒక్కటీ విరగలేదే అని.
మొహొకారె ఏరు కూడా ఈ మధ్య తేటగా పారుతోంది,
నీలిమందు నీళ్లు కలవక.
అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి.
గట్టు మీద ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు.

ఈ పొద్దున తొమ్మిదీ పదికి
నాలుగో లైను నుంచి ఒక కొత్త పిల్ల
అరచేతిలో రెండు ముక్కలు పట్టుకుని వచ్చింది.
మొన లేదు.
ఇద్దరం మోకాళ్ల మీద నేలంతా జల్లెడ పట్టాం.
చివరికి దాని ఉన్ని టోపీలోనే దొరికింది,
నూగుగింజంత.
“తప్పయింది, పనిలోంచి తీసేస్తారా?” అంది వణుకుతూ.
ఏం కుడుతున్నావే అన్నాను.
నమూనాలట. మూడు వందల జతలు.
ఎవరో కొత్తవాళ్లు, నచ్చితే ఇంకా అడుగుతారట.

ఇక్కడా ‘తే’నే.

పేరడిగాను. పూలెంగ్.
వానలో పుట్టిందట.
మంగళవారం పేజీ తిప్పేసి
మూడు ముక్కలూ వరసగా పెట్టి
టేపు మీద బొటనవేలితో
కొంచెం ఎక్కువసేపే నొక్కాను.